ఎవరి యాస?

'బలగం' మూడుసార్లు చూసిన, మూడుసార్లూ ఏడ్చిన. అయినా "తెలంగాణ యాస గెలిచింది" అనే సంబరం నాకు మింగుడుపడదు. ఏ తెలంగాణ? 'ఫిదా' (2017) బాన్సువాడది, 'బలగం' సిరిసిల్ల వైపుది, అదే 2023 మార్చిలో వచ్చిన 'దసరా' గోదావరిఖని బొగ్గుగనులది. మూడూ ఉత్తర తెలంగాణవే. అక్కడ "అచ్చిండు" అంటరు, నల్లగొండ పక్కన పానగల్లులో మా అమ్మ "ఒచ్చిండు" అంటది. టీవీలో 'బలగం' చూస్తూ "గీళ్లు ఏడోళ్లురా?" అని అడిగింది కూడా. చిన్న తేడానే. కానీ ఆఫీసులో ఇప్పుడు నన్ను "బలగంల లెక్క ఒక్క మాట మాట్లాడు" అంటున్నరు! నేను మాట్లాడేది వాళ్లకు సరిపోతలేదన్నమాట. ఒకప్పుడు రౌడీలకూ కమెడియన్లకూ అంటగట్టిన భాషనే, ఇప్పుడు ఒకే కొలతకు కుట్టి పది జిల్లాలకు తొడుగుతున్నరు. డైలాగులు రాసేటోళ్లు ఒక్క సాయంత్రం మా ఉదయసముద్రం కట్ట మీదికొచ్చి కూసోండ్రి, ఊకె వినండ్రి.