మనోళ్లకి చవకది చాలట! (వాద్యాలూ కులమూ – 6)



పోయిన భాగం చదివి చాలామంది ఒకే ప్రశ్న పంపారు: "సార్, ట్యూబా నేర్చుకోవాలని ఉంది. తక్కువలో ఏది కొనాలి?" అడిగినవాళ్లలో ఎక్కువమంది బ్యాండుమేళం ఇళ్ల పిల్లలు. ఆ ప్రశ్నకు కింద రెండు జవాబులు వచ్చాయి. రెండింటితోనూ నాకు పేచీ ఉంది.

మొదటిది: "ముందు దొరికిన చవకది కొను. నేర్చుకుంటావో మానేస్తావో ఎవరికి తెలుసు?" డబ్బున్న ఇంటి పిల్లాడు పియానో అడిగితే ఈ మాట అనరు. మనోడు అడిగితే మాత్రం మధ్యలో మానేస్తాడని ముందే తీర్పు. ఆ తీర్పును నిజం చేసేది కూడా ఆ చవక వాద్యమే. బీ-ఫ్లాట్ ట్యూబా అంటే దాదాపు 18 అడుగుల గొట్టం. వాల్వుల దగ్గర గాలి కారితే ఎంత ఊపిరి పోసినా స్వరం నిలవదు. పిల్లాడు తన ఊపిరినే అనుమానించుకుంటాడు, ఆర్నెల్లకు దాన్ని మూలన పెడతాడు. అప్పుడు "మేం చెప్పాంగా" అంటారు.

అందుకే చెబుతున్నా, రాసుకోండి. పేరూ ఊరూ లేని కొత్తదానికన్నా పేరున్న కంపెనీ పాతది మేలు. విడిభాగాలు దొరుకుతాయి, తిరిగి అమ్మినా డబ్బులొస్తాయి. బ్యాండు వాద్యాల తయారీకి మన దేశంలో మీరట్‌కు పేరు. అక్కడిది కొన్నా ఏ ముక్కకా ముక్క పరీక్షించాల్సిందే. మొదట్లో మూడు వాల్వులు చాలు. ఒకటీ మూడూ కలిపి నొక్కితే శ్రుతి కాస్త పైకి పోతుంది, నాలుగో వాల్వు ఉంటే అది సర్దుకుంటుంది. అయినా కారే నాలుగుకన్నా బిగువైన మూడే నయం. చిన్న పిల్లలకు యమహా వైబీబీ-105 లాంటి ముప్పావు సైజు సరిపోతుంది.

కొనేముందు వాల్వు నొక్కకుండా దాని స్లైడు కొంచెం బయటికి లాగండి, తర్వాత వాల్వు నొక్కండి. 'టప్'మంటే గాలి నిలుస్తోందని అర్థం. చప్పుడు లేకపోతే బేరం ఆపండి. పెద్ద మూతి మీద సొట్టలకు భయపడొద్దు, వాటిని చూపించి ధర తగ్గించమనండి. నోటి దగ్గర్నుంచి వాల్వుల దాకా వెళ్లే సన్న గొట్టం మీద గులాబీ మచ్చలుంటే మాత్రం వదిలేయండి, ఇత్తడి లోపల్నుంచి తినేస్తోందన్న మాట. మీ పేటలో బ్యాండులో ఊదే పెద్దాయన్ని వెంట తీసుకెళ్లండి. ఆయనకు సర్టిఫికెట్ ఉండకపోవచ్చు, చెవి ఉంది.

రెండో జవాబు మనవాళ్ల నుంచే వచ్చింది: "డప్పుంది గదా, తెల్లోడి ట్యూబా మనకెందుకు?" డప్పు మన గుండె చప్పుడు, కాదనను. కానీ పుట్టిన పేటను బట్టి చేతికి వాద్యం ఇస్తే దాన్నేమంటారో 'కుల నిర్మూలన' చదివినవాళ్లకు నేను చెప్పాలా? ట్యూబాకు 1835లో ప్రష్యాలో పేటెంటు వచ్చింది. సైన్యాలతో, మిషన్లతో బ్యాండు ఇక్కడికొచ్చింది. వీణ దగ్గర కూర్చోనివ్వని మన తాతల్లో కొందరు ఇత్తడిని నోటికెత్తుకున్నారు. వాళ్లు ఎత్తుకున్నాక దానికీ అంటు తగిలింది. ఊరేగింపు ముందు ఊదాలి, పందిట్లోకి రాకూడదు. మంగళవాద్యం వేరట!

అసలు ఇది ఒక్కో కుటుంబం అప్పు చేసి కొనాల్సిన వస్తువే కాదు. అమెరికాలో చాలా బడుల్లో ట్యూబా బడిది, పిల్లలు వంతులవారీగా వాడుకుంటారు. మన సంక్షేమ హాస్టళ్లలో ఎందుకుండకూడదు? జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలని 2013 ఉపప్రణాళిక చట్టం చెప్పింది. హాస్టలుకో మంచి ట్యూబా కొనిపిద్దాం. నోట్లో పెట్టుకునే భాగం ఒక్కటి ఎవరిది వాళ్లకుంటే చాలు.

ఈ వారం ఒక పని చేయండి. మీ హాస్టల్లో ఊదాలనుకునేవాళ్ల పేర్లు కాగితం మీద రాసి సంతకాలు పెట్టించండి. వార్డెన్‌కు ఇవ్వాల్సిన అర్జీ నమూనా వచ్చే భాగంలో పెడతాను. "ఏది చవక?" అని కాదు, "మా వాటా ఎక్కడ?" అని అడుగుదాం.