మంగమ్మ కట్టింది సత్రం, మనం కట్టాల్సింది ఆటస్థలం

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఒప్పుకోకపోయినా సరే, మీ మాట కింద రాయండి.

సంగతి అందరికీ తెలిసిందే. మన సంఘం మండపం వెనక 30 సెంట్ల స్థలం ఖాళీగా పడి ఉంది. దాన్ని ఏం చెయ్యాలనేది వచ్చే సర్వసభ్య సమావేశంలో తేలాలి. రెండు మాటలు నడుస్తున్నాయి. ఒకటి, అక్కడ ఏసీ భోజనాల హాలు కట్టి మండపాన్ని పెద్దది చెయ్యడం. రెండోది, నాలుగు రకాల ఆటలు ఆడుకునే చోటుగా మార్చడం. మేము కొంతమందిమి రెండోదాని పక్షం. ఎందుకో చెప్తాం.

ముందు కొరియా దేశం నుంచి ఒక సంగతి. ఎక్కడికో పోతున్నామనుకోకండి, ఇది మన తెలుగు పిల్లవాడి సంగతే. 2023 జులై 23న కొరియా ఓపెన్ బ్యాడ్మింటన్ డబుల్స్ ఫైనల్లో అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్, అతని జోడీ చిరాగ్ శెట్టి కలిసి ఇండోనేషియా జంటని ఓడించారు. మొదటి గేము 17-21తో పోయింది. తర్వాతి రెండూ 21-13, 21-14తో గెలిచారు. ఆ వీడియో మన వాట్సాప్ గుంపుల్లో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. అయితే ఒక విషయం ఎవరూ పట్టించుకోలేదు. ఆ పోటీ సియోల్ లాంటి మహానగరంలో జరగలేదు. యోసు అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో, జిన్నమ్ స్టేడియంలో జరిగింది. యోసు జనాభా మూడు లక్షలు కూడా లేదు. అంతకు ముందు ఏడు ఇదే పోటీ సున్‌చాన్‌లో జరిగింది, తర్వాతి ఏడు మోక్పోలో. ఇవన్నీ కొరియా దక్షిణాన ఒకే రాష్ట్రంలో ఉన్న చిన్న నగరాలే.

అట్లాంటి ఊళ్ళకి ప్రపంచ పోటీ పెట్టే తాహతు ఎక్కడిది? అక్కడ ఊరికొక ఆటల సముదాయం ఉంటుంది. ఒకే ఆవరణలో పెద్ద గ్రౌండు, ఇండోర్ హాలు, ఇంకా రకరకాల కోర్టులు. పోటీలు లేని రోజుల్లో ఊరి జనమే వాటిల్లో ఆడతారు. 1988 సియోల్ ఒలింపిక్స్ అయ్యాక మిగిలిన డబ్బుని వాళ్ళు పంచుకొని తినలేదు. 1989లో ఒక ప్రజా క్రీడా సంస్థని పెట్టి, ఆ నిధితో సామాన్యులు ఆడుకునే చోట్లకి సాయం చేస్తూ వచ్చారు. కట్టడం ఒక ఎత్తు. కట్టినదాన్ని రోజూ నడపడానికి డబ్బు దారి చూపించడం ఇంకో ఎత్తు.

రెండోది మరిచిపోతే ఏమవుతుందో చూడటానికి కొరియా దాకా పోనక్కర్లేదు. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల కోసం హైదరాబాదు గచ్చిబౌలిలో పెద్ద స్టేడియాలు కట్టారు. పోటీలు అయిపోయాయి. తర్వాత ఆటలకంటే సభలకి, సంగీత కచేరీలకే ఆ చోటు పేరు ఎక్కువ వినపడింది. ఆటగాళ్ళ కోసం కట్టిన 14 అంతస్తుల భవనం 2020లో కోవిడ్ ఆస్పత్రి అయింది. ఆపదలో పనికొచ్చింది, సంతోషమే. కానీ దాన్ని కట్టింది అందుకు కాదు కదా.

అదే గచ్చిబౌలిలో, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కి ప్రభుత్వం ఐదెకరాల స్థలం ఇచ్చింది. ఆయన సొంత ఇల్లు తాకట్టు పెట్టి, దాతల్ని అడిగి, 2008లో అకాడమీ తెరిచాడు. అక్కడ తయారైన సైనా నెహ్వాల్ 2012 లండన్‌లో కంచు పతకం తెచ్చింది, పి.వి. సింధు 2016 రియోలో వెండి పతకం తెచ్చింది. పేట ఒకటే. ఒకచోట పోటీ వస్తేనే ఆట. ఇంకొకచోట తెల్లారకముందే గేటు తీసి, పిల్లల్ని ఆడించేవాడు ఉన్నాడు. తేడా అంతా ఆ గేటు దగ్గరే ఉందని మా అభిప్రాయం.

ఇక మన 30 సెంట్లకి వద్దాం. ఇంత చిన్న చోట్లో ఏం పడుతుందని కొందరు పెద్దలు అడిగారు. లెక్క చూడండి. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. చుట్టూ మూడు మీటర్లు వదిలితే సుమారు 9 సెంట్లు. కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. చుట్టూ రెండు మీటర్లు వదిలితే 6 సెంట్లు. షటిల్ కోర్టు ఒకటి, చుట్టూ రెండు మీటర్లతో కలిపి నాలుగున్నర సెంట్లు, రెండయితే 9. మొత్తం 24 సెంట్లు. మిగిలిన ఆరు సెంట్లలో చుట్టూ నడిచే దారి, పెద్దవాళ్ళు కూర్చునే అరుగు, ఆడబిడ్డలకి బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి. స్టేడియం అక్కర్లేదు. షటిల్ కోర్టుల మీద ఎత్తుగా ఒక రేకుల కప్పు వేస్తే వానాకాలం కూడా గడిచిపోతుంది.

"మండపం అయితే బాడుగ వస్తుంది, గ్రౌండుకి ఏమొస్తుంది?" అనే మాట న్యాయమైనదే. జవాబు చెప్పకుండా దాటెయ్యం. మండపానికి బాడుగ ముహూర్తాల నాడే వస్తుంది. ఆడి మాసంలో లేదు, మార్గళిలో లేదు. ఉన్న హాలే ఆ నెలల్లో తాళం వేసి ఉంటుంది. ఇంకో హాలు కడితే తాళాలు రెండవుతాయి. గ్రౌండుకి మాసాలతో పనిలేదు, ఏడాదంతా ఉంటుంది. ఖర్చు మాటకొస్తే, ఇప్పుడొచ్చే మండపం బాడుగలో పదో వంతు గ్రౌండు పేరున వేరే ఖాతాలో వెయ్యమంటున్నాం. కరెంటు బిల్లుకి, ఊడ్చే మనిషి జీతానికి, వలలకి, కొత్త గీతలకి ఆ డబ్బు. కొరియా వాళ్ళు దేశం మొత్తానికి చేసింది, మనం 30 సెంట్లకి చెయ్యలేమా?

"ప్రభుత్వమే నియోజకవర్గానికొక చిన్న స్టేడియం కడతానంటోంది కదా" అని ఇంకొందరు. కట్టాలి, కట్టనీ. మదురైలో 2025లో జూనియర్ హాకీ ప్రపంచ కప్పు ఆటలే జరిగాయి, మనకీ గర్వమే. కానీ ఆరో తరగతి పిల్ల బడి అయ్యాక నడిచిపోయి ఆడుకొని, దీపాలు పెట్టే వేళకి ఇంటికి రావాలంటే ఆ చోటు వీధి చివర ఉండాలి. బస్సెక్కి పోవాల్సిన చోటికి మగపిల్లల్ని పంపుతాం. ఆడపిల్లల్ని పంపుతామా? గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పండి. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2025 మేలో కొరియాలోని గుమి నగర స్టేడియంలో 100 మీటర్ల హర్డిల్స్ 12.96 సెకన్లలో పరుగెత్తి ఆసియా బంగారు పతకం గెలిచింది. వాళ్ళ నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్ళల్లో పనిచేసింది. డబ్బున్న ఇల్లు కాదు. ఆ పిల్లని మైదానానికి పోనిచ్చిన ఇల్లు. అందుకే సాయంత్రం 4 నుంచి 6 దాకా ఆడపిల్లలకే అని బోర్డు రాయాలంటున్నాం.

అన్నిటికంటే ఇబ్బందిపెట్టిన ప్రశ్న చివరికి పెట్టాం. "మన డబ్బుతో కట్టి, ఊళ్ళో అందర్నీ రానియ్యాలా?" రానియ్యాలి అనేదే మా మాట. మన సభల్లో నాయక రాజుల పేరు చెప్పుకోకుండా ఒక్క ఉపన్యాసం ముగియదు. వాళ్ళు ఏం చేసినందుకు నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా తమిళనాడు వాళ్ళని తలుచుకుంటోంది? తిరుమల నాయకుడు తవ్వించిన మదురై మారియమ్మన్ తెప్పకుళం చూడండి. నీళ్ళు లేని ఏళ్ళలో మదురై పిల్లకాయలకి అదే క్రికెట్ గ్రౌండు. నువ్వెవరి కొడుకువని అక్కడ ఎవరూ అడగలేదు. రాణి మంగమ్మ సత్రం ఇప్పటికీ మదురై రైలు స్టేషను దగ్గరే ఉంది. దారిన పోయేవాడి అలసట చూసి సత్రం కట్టించిందిగానీ, వాడి భాష అడిగి కాదు. ఆ పేరు మనకి కావాలంటే ఆ బుద్ధి కూడా కావాలి.

అప్పటి బాటసారికి నీడ కావాలి. ఇప్పటి పిల్లలకి సాయంత్రం ఫోను పక్కన పెట్టి పోవడానికి ఒక చోటు కావాలి. ప్రైవేటు టర్ఫులు ఉన్నాయి, గంటకింత అని బాడుగ. కట్టగలిగిన వాళ్ళ పిల్లలు అక్కడ ఆడుకుంటున్నారు. కట్టలేని వాళ్ళ పిల్లలు రోడ్డు మీద, బండ్ల మధ్య ఆడుతున్నారు. వాళ్ళల్లో మన వాళ్ళూ ఉన్నారు, మన పక్కింటి వాళ్ళూ ఉన్నారు.

సమావేశంలో మేము పెట్టబోయే తీర్మానం మూడు ముక్కల్లో ఇదీ. ఆ 30 సెంట్లు ఆటలకే. బాడుగలో పదో వంతు దాని నిర్వహణకే. తాళం చెవి ఏ పెద్దమనిషి ఇంట్లోనూ ఉండకూడదు, జీతం తీసుకునే కాపలాదారు దగ్గర ఉండాలి, గేటు రోజూ తెల్లవారి 5 గంటలకి తెరవాలి.

పెద్దలు, అన్నలు, అక్కలు అందరూ రండి. ఎదురు మాట ఉంటే అక్కడే చెప్పండి. వచ్చేటప్పుడు ఇంట్లో పిల్లల్ని కూడా తీసుకురండి. స్థలం వాళ్ళ కోసం అన్నప్పుడు, వాళ్ళ మాట కూడా ఒకటి వినాలి కదా.