ద్వారమునకు ఇరువురు కావలివారు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో గుత్తవ్యాపారమును అరికట్టు అధికారము ఒక్కచోట లేదు. వాషింగ్టనులో న్యాయశాఖయు ఫెడరల్ ట్రేడ్ కమీషనును కలవు. ప్రతి రాష్ట్రమునకును వేరుగ అటార్నీ జనరల్ కలడు. ఒకే కంపెనీపై ఇరుపక్షముల వారును వ్యాజ్యము వేయవచ్చును. ఇది వర్తకులకు వృథాప్రయాస యనియు, రాష్ట్రముల అధికారమును తొలగింపవలెననియు అచ్చటి పండితులు కొందరు వాదించుచున్నారు. న్యాయమూర్తి రిచర్డు పోస్నరు 2001లో ఇట్టి సూచననే చేసిరి. మేము దీని నంగీకరింపజాలము.

కేంద్రము షెర్మను చట్టమును చేసినది 1890లో. కాన్సాసు మొదలగు రాష్ట్రములు అంతకు ముందటి యేడే తమ చట్టములను చేసికొనినవి. స్టాండర్డు ఆయిలు కంపెనీ 34 ముక్కలైనది 1911లో, కేంద్రము తెచ్చిన వ్యాజ్యమున. కాని ఆ ట్రస్టునుండి తన కంపెనీని వైదొలగుమని ఒహాయో సుప్రీంకోర్టు 1892లోనే తీర్పు చెప్పియుండెను. ఇంట ముందు మేల్కొనినది ఎవరో పాఠకులే చూడగలరు.

1980వ దశకమున, రీగను అధ్యక్షతలో, కేంద్రపు పట్టు సడలెను. 1988లో అమెరికన్ స్టోర్సు అను సంస్థ, కాలిఫోర్నియాలో తనకు పోటీగా నున్న లక్కీ స్టోర్సును కొనినది. రెండును జనులు నిత్యము రొట్టె, పాలు కొనుక్కొను అంగళ్లు. కొన్ని దుకాణములను విక్రయింపుమని మాత్రము షరతు పెట్టి కమీషను సమ్మతించెను. ఆ సమ్మతి ఖాయమైన మరునాడే కాలిఫోర్నియా కోర్టుకెక్కినది! కేంద్రము ఒప్పినదానిని రాష్ట్రము విడగొట్టింపగలదా యని ప్రశ్న. విడగొట్టింపుమని కోరు హక్కు రాష్ట్రమునకు కలదని 1990లో సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా చెప్పెను. ధర పెరిగిన భారము కాలిఫోర్నియా గృహస్థులదే గదా. వాషింగ్టనులోని అధికారులది కాదు.

అటార్నీ జనరళ్లలో అధికసంఖ్యాకులు ఎన్నికల వలన వచ్చువారు. పైపదవులపై చూపుగలవారును వారిలో లేకపోలేదు. స్వరాష్ట్రపు కంపెనీయెడ పక్షపాతము చూపు భయమును కలదు. ఇది మేము కాదనము. అయినను వారు కోరినంతమాత్రమున ఏదియు జరుగదు. టి-మొబైల్, స్ప్రింటు కంపెనీల కలయికకు న్యాయశాఖ సమ్మతించినను కొన్ని రాష్ట్రములు ఎదిరించెను. 2020 ఫిబ్రవరిలో ఓడిపోయెను. నిర్ణేత కోర్టు, వాది యెవరైనను సాక్ష్యము చూపవలసినదే.

రాష్ట్రములు వేసిన వ్యాజ్యమును ఇతర దావాలతో కలిపి దూరపు కోర్టుకు మార్చుటకు చాలకాలము వీలుండెను. ఎన్నుకొన్న కోర్టులోనే దానిని నిలుపుకొను హక్కును కాంగ్రెసు 2022 డిసెంబరులో వారికిచ్చెను. కేంద్రమునకు ఈ రక్షణ 1968 నుండియు కలదు. రాష్ట్రములు ఏబదినాలుగేండ్లు ఏల కాచుకొనవలసి వచ్చెనో కాంగ్రెసు సభ్యులే చెప్పవలెను.