98 చూపిస్తే ఊపిరి ఆడుతున్నట్టేనా?

కరోనా ఏళ్లలో పల్స్ ఆక్సీమీటర్ పల్లెలకూ వచ్చింది. ఆత్మకూర్ (ఎస్) నుంచి సూర్యాపేటకు పోయి ఆపరేషన్ చేయించుకున్న మనిషి పక్కన కూర్చున్నవాళ్లు ఇప్పుడు చూసేది ఆ అంకెనే. 98 ఉంటే గండం గడిచిందనుకుంటారు. వార్డు సిబ్బందిలోనూ ఈ నమ్మకం ఉంది. రోగి లావుపాటి మనిషైతే ఇది ప్రాణాల మీదికి తెచ్చే నమ్మకం.

1974లో జపాన్‌లో తకువో అవొయాగి రూపొందించిన ఆ పరికరం రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. ఊపిరితిత్తుల్లోకి గాలి ఎంత పోయి వస్తున్నదో చెప్పదు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉంటే, ఊపిరి బాగా మందగించినా అంకె చాలాసేపు కదలదు. ఈలోగా కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, మనిషి మత్తులోకి జారతాడు, ఊపిరి ఇంకా తగ్గుతుంది. లావుపాటి మనిషి వెల్లకిలా పడుకుంటే పొట్ట బరువు డయాఫ్రంను పైకి నెట్టి, ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండే గాలిని తగ్గిస్తుంది. ఆక్సిజన్ పట్టించి మత్తిచ్చాక ఊపిరి ఆగితే, మామూలు బరువున్నవాళ్లలో రక్తంలో ఆక్సిజన్ 90కి పడడానికి ఆరు నిమిషాలు పట్టింది. బాగా స్థూలకాయులకు మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఇది 1991లోనే తేలిన సంగతి. అంకె పడేదాకా ఆగుదామనేవాళ్లు ఆ మూడు నిమిషాలనే నమ్ముకుంటున్నారు.

గురక వింటే "మంచిగ నిద్రపోతుండు" అంటాం. గురక ఆగి, కాసేపు ఊపిరే లేకుండా పోయి, ఉలిక్కిపడి మళ్లీ తీసుకుంటే అది స్లీప్ అప్నియా. దానికి మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి నొప్పి మందులు తోడైతే ఆ ఉలికిపాటు కూడా రాకపోవచ్చు.

ఇవన్నీ హైదరాబాద్ కార్పొరేట్ దవాఖానల ముచ్చట్లని కొట్టిపారేసేవాళ్లున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: తెలంగాణలో నూటికి ముప్పైమంది ఆడవాళ్లు అధిక బరువున్నవాళ్లే, కాన్పుల్లో నూటికి అరవై ఆపరేషన్లే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఈ లెక్కకు బయట లేవు. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా ఉంది.

ఊపిరిని కనిపెట్టే క్యాప్నోగ్రఫీ పెడితే ఊరికే అలారాలు మోగి నర్సులు విసిగిపోతారన్న మాటలో నిజముంది. అందుకే అందరికీ కాదు, ముప్పున్నవాళ్లకు పెట్టమంటున్నాను. వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రఫీకి గొంతులో గొట్టం అక్కర్లేదు, ముక్కు దగ్గర సన్నని ట్యూబు చాలు. మార్ఫిన్ జాతి మందులిచ్చిన 1,335 మంది వార్డు రోగులను ఇలా నిరంతరం గమనిస్తే 46 శాతం మందిలో కనీసం ఒకసారైనా ఊపిరి దెబ్బతిన్నదని 2020లో ప్రచురితమైన అంతర్జాతీయ అధ్యయనం చెప్పింది.

డాక్టర్లూ, ఆపరేషన్‌కు ముందే బరువు తూచండి, గురక గురించి అడగండి. అలాంటి రోగికి మొదటి రాత్రి క్యాప్నోగ్రఫీ పెట్టండి. అది లేనిచోట తలవైపు ఎత్తి పడుకోబెట్టి, నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టించండి. పక్కన కూర్చున్న అన్నలూ, అక్కలూ, ఊపిరి నిమిషానికి పదికి తగ్గినా, లేపితే లేవకపోయినా, అంకె 98 ఉన్నా సరే, వెంటనే సిస్టర్‌ను పిలవండి.