పంపుట వేఱు, చేరుట వేఱు

దిల్‌సుఖ్‌నగరులోని వసతిగృహమున నుండి చదువుకొను విద్యార్థికి ఉద్యోగపు దరఖాస్తు పంపుటకును, ఎల్‌.బి.నగరులోని గృహిణికి బ్యాంకుసొమ్ము చెల్లించుటకును నేడు ఓ.టి.పి. యను కొలది యంకెలే తాళపుచెవి. అవి సకాలమున రాకున్న తలుపు తెరువబడదు. తప్పెవరిదని యడిగిన, "మేము పంపితిమి" అనునదే ప్రత్యుత్తరము. దీనిని మేము సమాధానముగా నంగీకరింపజాలము.

2021 మార్చి 8వ తేదీని దేశమెల్ల నీ యిబ్బందిని చవిచూచెను. వర్తకసందేశములను ముందుగా నమోదైన నమూనాలతో సరిచూచు విధానము అమలునకు రాగా, అక్రమసందేశములతోబాటు బ్యాంకుల ఓ.టి.పి.లును ఆగిపోయెను. మరునాడే ట్రాయ్ ఆ విధానమును ఏడు దినములు నిలిపివేసెను. వడపోత యవసరమే; కాని తాలుతోబాటు గింజలనుగూడ చెరిగివేయు చేట యెవరికి గావలెను?

సందేశము కంపెనీనుండి గేట్‌వేకును, అచ్చటినుండి సందేశకేంద్రమునకును, పిదప ఫోనునకును పోవును. ఫోను ఆగియున్నచో కేంద్రము దానిని నిలువయుంచి మరల ప్రయత్నించును. గేట్‌వే స్వీకరించినంతనే సందేశము చేరినట్లు లెక్కవ్రాయుట సత్యము గాదు. ఫోనునుండి రసీదు వచ్చిననే చేరినట్లు.

సిగ్నలు లేకుండుట తాత్కాలికలోపము; విరామమును పెంచుచు మరల పంపవలెను. నంబరే లేకుండుట శాశ్వతలోపము. మరల మరల పంపుట వరుసను నింపుటయే. పది నిమిషములు చెల్లు అంకెలను పది నిమిషములకు మించి నిలువయుంచరాదు. గంటకు చేరిన ఓ.టి.పి. పెండ్లియైన పిదప వచ్చిన శుభలేఖ వంటిది. ఓ.టి.పి.లకు వేఱు వరుస యుండవలెను; తగ్గింపుధరల ప్రకటనల వెనుక వానిని నిలువబెట్టుట అన్యాయము.

మన భాషకు మఱియొక చిక్కు గలదు. ఒక సందేశమున ఆంగ్లము 160 అక్షరములు పట్టును. తెలుగు 70 సంకేతములే పట్టును, గుణింతపు గుర్తులును లెక్కలోనివే. అంతకు మించిన తెలుగు తునకలై పోవును. ఒక్క తునక తప్పిన అర్థము చెడును. దీనికి మందు తెలుగును విడుచుట గాదు, అంకెలను ముందుంచి క్లుప్తముగా వ్రాయుట.

2013 జూలైలో మనదేశమున తంతిసేవ ముగిసెను. తంతి చేరకున్న పంపినవారికి తెలియజేయుట ఆ కాలపు మర్యాద. ఆ మర్యాదను నేటి యంత్రములకును నేర్పవలెను. చేరనిచో వెంటనే తెలుపవలెను; ఫోనుపిలుపుచే అంకెలు చెప్పు రెండవ దారి చూపవలెను. ప్రజల సొమ్మును కాలమును ఈ యంకెలకు ముడివేసినవారు ఆ ముడిని విప్పు బాధ్యతను గూడ వహించుట ధర్మము.