అప్పీలు వెల 605 డాలర్లు

జైల్లో వైద్యం అందలేదనో, గార్డు చెయ్యి చేసుకున్నాడనో అమెరికా ఖైదీ వేసిన సివిల్ దావాను కింది కోర్టు కొట్టేసిందనుకుందాం. ఫెడరల్ అప్పీలు కోర్టుకు వెళ్లాలంటే ఫీజు 605 డాలర్లు. బయట ఉన్న పేదవాడు తన దగ్గర ఏమీ లేదని రుజువు చూపిస్తే ఈ ఫీజు మాఫీ. ఖైదీకి మాఫీ లేదు, వాయిదాలే.

1996లో క్లింటన్ సంతకం చేసిన ప్రిజన్ లిటిగేషన్ రిఫార్మ్ యాక్ట్ పెట్టిన తేడా ఇది. ఖైదీ పేర జైల్లో ఒక ఖాతా ఉంటుంది. కూలి డబ్బులూ, ఇంటి నుంచి వచ్చేవీ అందులోనే పడతాయి. సబ్బూ స్టాంపులూ అందులోంచే కొనుక్కోవాలి. గత ఆరు నెలల్లో నెలసరి సగటు జమ ఎంత, సగటు నిల్వ ఎంత అని చూసి, ఏది ఎక్కువైతే దాంట్లో 20 శాతం ముందుగా పట్టుకుంటారు. ఆ తర్వాత ఖాతాలో 10 డాలర్లు దాటినప్పుడల్లా కిందటి నెల జమలో 20 శాతం జైలువాళ్లే కోసి కోర్టుకు పంపుతారు. అప్పీలు ఓడిపోయినా బాకీ తీరాల్సిందే.

ఫెడరల్ జైళ్లలో మామూలు పనికి గంటకు 12 నుంచి 40 సెంట్లు. పావు డాలరు చొప్పున నెలకు 150 గంటలు పనిచేసినా వచ్చేది 37 డాలర్ల 50 సెంట్లు, కోత ఏడున్నర డాలర్లు. 605 తీరడానికి ఆరేళ్లు దాటిపోతుంది. టెక్సస్‌లో దాదాపు ఏ జైలు పనికీ కూలే లేదు. అక్కడ శిక్ష కొడుకుది, ఫీజు తల్లిది.

కింది కోర్టు ఫీజు 350 డాలర్లు తీరకముందే అప్పీలు వేస్తే? ఒక్కో బాకీకి విడివిడిగా 20 శాతం కోయొచ్చని 2016లో బ్రూస్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. తీర్పు రాసింది ఉదారవాదిగా పేరున్న జస్టిస్ గిన్స్‌బర్గ్! బాకీలు ఐదైతే ఆ నెల జమంతా కోర్టుకే. ఆమె చట్టాన్ని తప్పుగా చదివారని నేననను. రాసినవాళ్లే అలా రాశారు.

చేతిలో చిల్లిగవ్వ లేదని ఎవరినీ తిప్పి పంపకూడదని అదే చట్టం అంటుంది, నిజమే. బయటివాళ్లు ఖర్చు చూసుకునే కోర్టుకెక్కుతారు, ఖైదీ ఎందుకు చూసుకోకూడదని సమర్థకులు అడుగుతారు. పనికిమాలిన దావాలే వాళ్ల బాధైతే, మూడుసార్లు అలా కొట్టేయించుకున్నవాడికి ప్రమాదం ముంచుకొస్తే తప్ప వాయిదాలు కూడా ఇవ్వని నిబంధన ఉండనే ఉంది. ఫీజుకు మంచి కేసూ చెత్త కేసూ ఒకటే.

పైగా ఆ చట్టం కోసం ఊరూరా చెప్పిన ఉదాహరణ చూడండి: పలుకుల పీనట్ బటర్ అడిగితే మెత్తటిది ఇచ్చారని ఒకడు దావా వేశాడట. జడ్జి జాన్ న్యూమన్ ఫైలు తిరగేసి అసలు సంగతి బయటపెట్టారు. పొరపాటున వచ్చిన సీసాను గార్డు వెనక్కి తీసుకున్నాడు, ఆ సాయంత్రమే ఖైదీని వేరే జైలుకు మార్చారు, రావలసిన సీసా రాలేదు, రెండున్నర డాలర్లు మాత్రం ఖాతాలోంచి పోయాయి. పావు డాలరు కూలితో అది పది గంటల కష్టం.

మన 1987 న్యాయ సేవల చట్టం కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇచ్చింది. అమలు సంగతి వేరే వారం మాట్లాడుకోవచ్చు. అమెరికాను అంత దూరం రమ్మని అడగడం లేదు. ఎన్ని కేసులున్నా నెల కోత మొత్తం 20 శాతం దాటకూడదు, ఇంటి నుంచి వచ్చిన డబ్బు జోలికి పోకూడదు. కాంగ్రెస్ ఒక చిన్న సవరణ చేస్తే ఈ రెండూ అయిపోతాయి.