హైనే చమత్కారాలు: కొమ్మ నుంచి తుంచిన మాటలు

జర్మన్ కవి హైన్‌రిష్ హైనే (1797–1856) పేరు చెప్పగానే సంగీతప్రియులకు షూబర్ట్, షూమన్ స్వరపరచిన ప్రణయగీతాలు తలపుకు వస్తాయి. తక్కినవారికి గుర్తుకు వచ్చేవి ఆయన చురకలు. కాల్పనికోద్యమపు ఒడిలో పెరిగి, ఆ ఉద్యమాన్నే వెక్కిరించిన కొంటెకవి ఆయన. ఆ చురకలను ఏరి సూక్తుల పట్టికలుగా పేర్చడం ఒక ఆచారమైపోయింది. ఆ ఆచారంతో నాకు పేచీ ఉంది.

పుస్తకాలను తగులబెట్టేచోట చివరకు మనుషులనూ తగులబెడతారన్న భావం వచ్చే మాటనే తీసుకోండి. 1933 మే 10న బెర్లిన్‌లో నాజీలు కాల్చిన గ్రంథాలలో హైనేవీ ఉన్నాయి. నేడు ఆ చోటున ఉన్న ఫలకం మీద ఈ మాటే చెక్కి ఉంది. అందుచేత దీనిని భవిష్యవాణిగా చదవడం పరిపాటి. కాని ఇది 1823లో అచ్చయిన ‘అల్మన్సోర్’ అనే విషాద నాటకంలోని సంభాషణ. స్పెయిన్‌లోని గ్రనడాను క్రైస్తవులు జయించాక అంగడివీధిలో ఖురానును దహించారని విని, హసన్ అనే ముస్లిం వృద్ధుడు అనే మాట. ఒక యూదు కవి, క్రైస్తవుల దౌష్ట్యాన్ని ఒక ముస్లిం నోట పలికించాడు. ఈ మూడు ముళ్ళూ విప్పేసి, ఉత్త జోస్యంగా చేత పట్టుకుంటే ఎంత నష్టం!

ఇక మూలమే లేని మాటలున్నాయి. ప్రళయం వస్తే హాలెండుకు పోతానని, అక్కడ అన్నీ యాభై ఏళ్ళు ఆలస్యమని ఆయన అన్నాడట. ఆయన రచనలలో ఎక్కడా చూపించినవారు లేరు. శ్రీనాథుడికీ తెనాలి రామకృష్ణుడికీ మనవాళ్ళు ఎన్ని చాటువులు అంటగట్టలేదు! అయితే చాటువు నోటి నుంచి నోటికి పాకిన జనం సొత్తు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ‘చాటుపద్యమణిమంజరి’గా కూర్చకపోతే ఎన్ని మిగిలేవో. హైనే రచనలు, ఉత్తరాలు అచ్చులో ఉన్నాయి కదా, వెతకడానికేమి బద్ధకం?

నాకు అన్నిటికన్నా ప్రియమైన చమత్కారం ఒక్క పదమే. 1830 నాటి ‘యాత్రాచిత్రాల’ మూడవ సంపుటంలో హిర్ష్ హయసింత్ అనే పాత్ర ఉంది. హాంబుర్గులో లాటరీ చీట్లు అమ్మి, కాలి ఆనెలు తీసి బతికినవాడు. కోటీశ్వరుడు సాలొమన్ రోత్‌షిల్డ్ తనను పక్కన కూర్చోబెట్టుకుని ఎంతో ‘ఫమిల్యోనేర్’గా ఆదరించాడని గొప్పలు పోతాడు. ఆత్మీయతకూ లక్షాధికారానికీ అంటుకట్టిన పదమది. 1905లో హాస్యంపై రాసిన గ్రంథంలో ఫ్రాయిడ్ ఈ పదాన్ని పట్టుకుని, నవ్వు కింద దాగిన చేదును తవ్వి తీశాడు. హైనే పినతండ్రి కూడా సాలొమనే, హాంబుర్గులో పెద్ద బ్యాంకరు. కవి ఆయన పంపే సొమ్ము మీద ఆధారపడ్డవాడు. హిర్ష్ తన పేరు మార్చుకున్నా ముద్రిక మీది ‘హెచ్’ అక్షరం మార్చనక్కరలేదని సంబరపడతాడు. హైనే కూడా హ్యారీగా పుట్టి, 1825లో బాప్తిస్మంతో హైన్‌రిష్ అయ్యాడు. ఆ బాప్తిస్మ పత్రాన్నే ఐరోపా సంస్కృతిలోకి ప్రవేశపు టిక్కెట్టుగా ఆయన చమత్కరించాడు. టిక్కెట్టు కొన్నాడే గాని ఆశించిన ఉద్యోగం మాత్రం రాలేదు.

‘ఆత్మీయలక్షాధికారంగా’ అంటే తెలుగులో ఎవరూ నవ్వరు. ‘చుట్టరికం’లో ‘సిరి’ని ఇరికించినా అంతే. జర్మన్ వచ్చిన మిత్రులెవరైనా ఈ రచనను తెనిగించబూనితే, ఆ ఒక్క పదాన్ని ఏం చేస్తారో చూడాలని నాకు మహా కుతూహలం.